మందు కల్లు బంద్ అయినంక బాపు మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, మెదడు కణాలు చచ్చిపోయినట్టేనా?

పాలమూరు_బిడ్డ:

అందరికీ నమస్తే. మాది నాగర్‌కర్నూల్ దిక్కు పల్లె, నేను హైదరాబాద్‌లో ఎల్బీనగర్‌లో ఉండి పని చేసుకుంటున్నా. మా బాపుకు అరవై దాటాయి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి పొద్దున లేస్తే కల్లే. చెట్టు కల్లు కాదు, దుకాణంలో సీసాల్లో అమ్మేది. ఊళ్లో అందరికీ తెలుసు అది మందు కల్లని, రోజూ అన్ని సీసాలు నిండాలంటే మా దగ్గర అన్ని తాళ్లు, ఈదులు ఎక్కడివి. పోయిన వారం ఏదో పంచాయితీ అయ్యి ఊరి పెద్దలు దుకాణం మూయించారు. పోనీలే మంచిదే అయింది అనుకున్నాం. రెండో రోజు నుంచి చేతులు వణకడం, ఒళ్లంతా చెమటలు, నిద్ర లేదు. నిన్నటి నుంచి అసలు మనిషే మారిపోయాడు. దుప్పటి మీద రెండు వేళ్లతో గిల్లి గిల్లి ఏదో తీసి పక్కన కుప్ప పోస్తున్నాడు, ఏంది బాపూ అంటే పత్తి ఏరుతున్నా, మొగులు పట్టింది, నువ్వూ రారాదు అంటున్నాడు. మా అమ్మను పట్టుకుని నువ్వెవరి దానివమ్మా అని అడిగాడంట, ఆమె ఫోన్‌లో ఒకటే ఏడుపు.

ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి ఒక గ్లూకోజ్ ఎక్కించి, ఇన్నేళ్లు తాగితే మెదడు కణాలు చావక ఏమవుతాయి, చచ్చినవి మళ్లీ పుట్టవు, ఇక ఇంతే అని చెప్పి పోయాడు. ఇంకో పక్క మా బావ వాట్సాప్‌లో ఒక లిస్టు పంపాడు. ఫోన్ తల దగ్గర పెట్టుకుని పడుకోవడం, టిఫిన్ మానేయడం, చక్కెర, ఇయర్‌ఫోన్లు, రాత్రి లేటుగా పడుకోవడం, ఇవన్నీ మెదడు కణాలను చంపేవే అంట. ఆ లెక్కన నావి ఇప్పటికే సగం పోయి ఉండాలి. అసలు నిజంగా చంపేవి ఏవి? మా బాపుకు నిజంగానే అయిపోయిందా? తెలిసినవాళ్లు చెప్పండి, మస్తు టెన్షన్‌గా ఉంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

తమ్మీ, కణాల సంగతి తర్వాత. ముందు ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేసి 108 పిలిపించు, ఈ రాత్రే దవాఖానకు తీసుకుపొమ్మను, పొద్దున దాకా ఆగకండి. నేను వార్డులో నర్సుగా చేస్తున్నా, దుప్పటి మీద పత్తి ఏరడం, గోడ మీద పురుగులు పోతున్నాయనడం, సొంత మనిషిని ఎవరు నువ్వనడం, ఇవి మాకు తెలియనివి కాదు. ఇది కల్లు తాగినందుకు కాదు, కల్లు ఒక్కసారిగా ఆగినందుకు వచ్చింది.

మందు కల్లులో కలిపేది డయాజెపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు. మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది, నరాల ఉద్రేకాన్ని అదుపులో పెట్టేది అదే. నిద్రమందులు, సారా, ఇవన్నీ ఆ గాబా పనిని పెంచుతాయి. ఏళ్ల తరబడి బ్రేక్ మీద కాలు పెట్టి నడిపిన బండి అనుకో, ఇంజిన్ దానికి తగ్గట్టు ఎక్కువ రేజ్ చేసుకోవడం అలవాటు చేసుకుంటుంది, ఇప్పుడు మీరు బ్రేక్ మీద నుంచి కాలు టక్కున తీసేశారు. వణుకు, చెమట, గుండెదడ, లేనివి కనబడటం, ఆ తర్వాత ఫిట్స్. ఫిట్స్ వచ్చి ఆగకుండా కొడితే అప్పుడు నిజంగానే కణాలు చస్తాయి. ఒక ఫిట్ 5 నిమిషాలు దాటితే దాన్ని ఎమర్జెన్సీగానే చూస్తారు.

ఇంకో మాట. గ్లూకోజ్ ఒక్కటే ఎక్కించాడు అన్నావు కదా, దవాఖానలో డ్యూటీ డాక్టర్‌కు ఆ మాట తప్పకుండా చెప్పండి. ఇన్నేళ్లు తాగిన మనిషికి బీ1 విటమిన్, అంటే థయమిన్, ఒంట్లో అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ మాత్రం ఎక్కిస్తే ఉన్న కాస్త బీ1 కూడా ఆ చక్కెరను కరిగించడానికే ఖర్చయిపోతుంది. షుగర్ పడిపోయి ఉంటే గ్లూకోజ్ ఆపకూడదు, ఇవ్వాల్సిందే, కానీ థయమిన్ ఇంజెక్షన్ ముందో, దానితోపాటో పడాలి. దారిలో ఏమీ తాగించకండి, తినిపించకండి. ఫిట్ వస్తే నోట్లో చెంచా పెట్టడం, తాళాల గుత్తి చేతిలో పెట్టడం వద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి చాలు.

పాలమూరు_బిడ్డ:

అక్కా, చెప్పిన. 108 వచ్చింది, తమ్ముడు, చిన్నాన్న ఎక్కించుకుని బయల్దేరారు. నేను కూడా బస్సెక్కుతున్నా.

ఎంబీబీఎస్_పాలమూరు:

సిస్టర్ చెప్పినది అక్షరాలా నిజం, ఇక దానికి కలిపేది లేదు. ఇలాంటివి మన రాష్ట్రంలో కొత్త కాదు, 2015లో మందు కల్లు మీద దాడులు గట్టిగా చేసి సరఫరా ఆపినప్పుడు కూడా జనం వింతగా ప్రవర్తిస్తూ దవాఖానలకు వరుస కట్టారు. నేను మీరడిగిన రెండో ప్రశ్న పట్టుకుంటా, నిజంగా చంపేవి ఏవి అని.

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతం, కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో 20 శాతం అదొక్కటే తింటుంది. దాని దగ్గర నిల్వ అనేది దాదాపు ఉండదు. అందుకే మెదడు కణాన్ని చంపేవాటి పేర్లు ఎన్ని ఉన్నా, చాలావరకు చివరకు వెళ్లి తేలేది రెండు మూడు చోట్లే: ఆక్సిజన్ అందలేదు, లేదా చక్కెర అందలేదు, లేదా ఆ చక్కెరను వాడుకునే పరికరం చెడింది. గుండె ఆగితే 10 నుంచి 20 సెకన్లలో స్పృహ పోతుంది, నాలుగైదు నిమిషాలు దాటాక కణాలు పోవడం మొదలవుతుంది. అందులోనూ అన్నీ ఒకేసారి పోవు. కొత్త జ్ఞాపకాలు దాచే హిప్పోక్యాంపస్ కణాలు, నడకను సరిచూసే చిన్నమెదడులోని పెద్ద కణాలు ముందు పోతాయి. నీళ్లలో మునిగి బతికి బయటపడ్డ పిల్లలకు, పుట్టగానే ఏడవని బిడ్డలకు తర్వాత వచ్చే ఇబ్బందులు ఇక్కడి నుంచే.

పక్షవాతం కూడా ఇదే కథ, కాకపోతే ఒక భాగంలో. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో ఒక లెక్క కట్టారు. మొత్తం మెదడులో ఉండేవి 8,600 కోట్ల దాకా, అయినా ఆ వేగంతో పోతే గంటలో ఎంత పోతుందో మీరే చూసుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అచ్చంపేట దిక్కు నుంచి హైదరాబాద్ చేరడానికే రెండు గంటల పైన పడుతుంది, సీటీ స్కాన్ తీయడానికి ఇంకొంత. మన దగ్గర ఏమవుతుందంటే మూతి వంకర పోగానే ముందు పసరు పోయించడానికి తీసుకుపోతారు, లేదంటే రాత్రి పడుకుంటే పొద్దున సర్దుకుంటుందంటారు. ఆ పసరు మంచిదా చెడ్డదా అని నేను వాదించను, అక్కడ పోయే సమయం గురించే నా కోపం.

షుగర్ పేషెంట్లకు ఇంకో ప్రమాదం. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్ర వేసుకుని అన్నం తినకుండా పొలం పోతారు, పైగా ఖాళీ కడుపుతో తాగుతారు. తాగితే లివర్ కొత్త చక్కెర తయారు చేయడం ఆపుతుంది, మాత్ర ఉన్న చక్కెరను లాగేస్తుంది. మనిషి తిక్కతిక్కగా మాట్లాడతాడు, తాగి పడ్డాడులే అని ఇంటివాళ్లు వదిలేస్తారు. గంటల తరబడి షుగర్ అలా అడుగున ఉంటే కణాలు పోతాయి. వేలికి సూది గుచ్చి చూస్తే నిమిషంలో తేలే విషయం ఇది.

ఇక మీ ఆర్ఎంపీ మాట. సారా గుక్క గుక్కకూ కణాలను చంపుతుందన్నది నిజం కాదు. రోజూ తాగేవాళ్ల మెదడు కుంచించుకుపోతుంది, స్కాన్‌లో కనబడుతుంది, కానీ అందులో చాలా భాగం కణాల మధ్య కొమ్మలు, తీగలు తగ్గిపోవడం. తాగుడు పూర్తిగా మానేస్తే కొన్ని నెలల్లో కొంతవరకు తిరిగి నిండుతుందని ఎంఆర్ఐలో చూశారు. నిజంగా పోయేది ఎక్కడంటే సిస్టర్ చెప్పిన బీ1 దగ్గర. ఒంట్లో బీ1 నిల్వ రెండు మూడు వారాలకు మించదు. తాగుబోతుకు తిండి సరిగా ఉండదు, తిన్నది పేగులు పట్టుకోవు. మతి తప్పడం, కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, తూలుతూ నడవడం, ఈ మూడింటినీ కలిపి కార్ల్ వెర్నికీ అనే డాక్టర్ 1881లోనే రాశాడు. అప్పుడే బీ1 పడితే మనిషి తేరుకుంటాడు. పడకపోతే కోర్సకాఫ్ అనే దశకు పోతాడు, పాతవి అన్నీ చెప్తాడు, పొద్దున ఏం తిన్నాడో గుర్తుండదు, ఆ ఖాళీని లేని కథలతో నింపుతాడు. అది చాలావరకు తిరిగి రాదు. ఖరీదైన మందు కాదు అది, తలచుకుంటే ఇవ్వవచ్చు, తలచుకోకపోవడమే సమస్య.

చచ్చినవి మళ్లీ పుట్టవా అంటే, హిప్పోక్యాంపస్‌లో పెద్దవాళ్లకు కూడా కొన్ని కొత్తవి పుడతాయని ఒక వర్గం, లేదని ఇంకో వర్గం, 2018 నుంచి గట్టిగా కొట్లాట. పుట్టినా పక్షవాతంలో పోయిన చోటు నింపేటన్ని కావు. కోలుకున్నవాళ్లు కోలుకునేది మిగిలిన కణాలు కొత్త దారులు వేసుకోవడం వల్ల.

ఒక్కటి అడగండి, ఈ మధ్య బాపు ఎక్కడన్నా కింద పడ్డాడా? తాగే ముసలివాళ్లకు మెదడు కుంచించుకుపోయి పైన ఉండే చిన్న రక్తనాళాలు సాగి ఉంటాయి, చిన్న దెబ్బకే తెగి రక్తం వారాల తరబడి కొద్దికొద్దిగా ఊరుతుంది. అప్పుడు కూడా ఇలాగే మతి తప్పుతుంది, అందరూ కల్లు వల్లే అనుకుంటారు.

మర్రిగూడ_మనిషి:

మా దిక్కు ఫ్లోరైడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు, ఈ మండలాల్లో బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగిన. ఈ అన్నకు కూడా బోరు నీళ్ల ఊరే అయి ఉంటుంది కదా, ఫ్లోరైడ్ మెదడు మీద పడుతుందా డాక్టర్ సాబ్? మా మేనత్త ముసలితనంలో కాళ్లు రెండూ పడిపోయాయి, అందరూ నరాలు చచ్చిపోయాయి అన్నారు.

ఎంబీబీఎస్_పాలమూరు:

మంచి ప్రశ్న. ఫ్లోరైడ్ ముందు పట్టేది పళ్లను, ఎముకలను. వెన్నెముక ఎముకలు, వాటిని పట్టి ఉంచే పట్టీలు గట్టిపడి లావెక్కి లోపలి దారి ఇరుకైపోతుంది, వెన్నుపాము నలుగుతుంది, కాళ్లు అలా పడిపోతాయి. మీ మేనత్తది అదే అయి ఉండొచ్చు, చూడకుండా ఖాయంగా చెప్పను. అంటే నరాల కణాన్ని ఫ్లోరైడ్ నేరుగా చంపలేదు, ఎముక నొక్కింది.

పిల్లల మెదడు గురించి అయితే, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగే చోట పిల్లల తెలివి పరీక్షల్లో మార్కులు తక్కువ వస్తున్నాయని అమెరికా వాళ్ల నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం 2024లో ఒక నివేదిక ఇచ్చింది, దానికి వాళ్లు మధ్యస్థ నమ్మకం అన్న మాట వాడారు. అది కణాలు చావడం అని కాదు. మన నీళ్లకు మీ జిల్లా పేరుతోనే నల్లగొండ టెక్నిక్ అని ఒక పద్ధతి ఉంది తెలుసు కదా, నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి తేర్చడం. ఇప్పుడు భగీరథ నల్లా వస్తోంది కాబట్టి తాగడానికి, వండడానికి బోరు ముట్టకండి. కానీ ఈ తమ్ముడి బాపుకు వారంలో మతి తప్పడానికి ఫ్లోరైడ్‌తో సంబంధం లేదు.

దేవరకొండ_రైతు:

డాక్టర్ సాబ్ చెప్పిన లిస్టులో పురుగుమందు లేదు. పత్తికి మోనో కొట్టి వచ్చినంక తల తిరగడం, చూపు మసక, నోట్లో ఉమ్మి ఊరడం, ఇది మా ఇళ్లలో ప్రతి సీజన్ చూసేదే. అంగీ విప్పి, మూతికి తువ్వాల కూడా కట్టకుండా, గాలికి ఎదురుగా కొడతారు. డబ్బా మూత నోటితో తీసేవాళ్లను కూడా చూసిన.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

అన్నా, మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ ఈ జాతి మందులన్నీ ఒకటే పని చేస్తాయి. నరం నుంచి కండకు సందేశం ఇచ్చే రసాయనాన్ని తర్వాత తుడిచేసే ఎంజైమ్ ఒకటి ఉంటుంది, దాన్ని పట్టేస్తాయి. సందేశం ఆగకుండా పోతూనే ఉంటుంది, అందుకే చెమట, ఉమ్మి, కంటిపాప సూది మొనంత కావడం, కండలు అదరడం. మోతాదు ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది, మెదడుకు దెబ్బ చాలాసార్లు అక్కడే. పిచికారీ చేసి వచ్చి అలా అయితే బట్టలు విప్పేసి సబ్బుతో ఒళ్లంతా కడగండి, డబ్బా మీది లేబుల్ వెంట తెండి, డబ్బా తెస్తే మాకు సగం పని తప్పుతుంది. పడుకుంటే పోతుంది అనుకోకండి.

సోషల్‌టీచర్_సూర్యాపేట:

బావ పంపిన లిస్టు మాకు కూడా వచ్చింది, స్కూల్ గ్రూపులో హెడ్మాస్టర్ గారే పెట్టారు, కింద అమెరికా శాస్త్రవేత్తలు అని ఉంటుంది, ఏ శాస్త్రవేత్తో ఉండదు. టిఫిన్ మానేస్తే కణాలు చస్తే శనివారం ఒక్కపొద్దులు ఉండే మా అమ్మకు ఈపాటికి ఏమీ మిగలకూడదు, ఆమె ఇప్పటికీ పాల లెక్క నాకంటే ముందు చెప్తుంది. ఫోన్ రేడియేషన్‌కు కణాన్ని చంపే శక్తి లేదు. ఇయర్‌ఫోన్లు ఎక్కువ సౌండ్‌తో పెడితే పోయేది చెవి లోపలి కణాలు, మెదడువి కాదు. అయితే వినికిడి తగ్గితే ముసలితనంలో మతిమరుపు అవకాశం పెరుగుతుందని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ చెప్పింది, 2024 నివేదికలో అలాంటి కారణాలు 14 పెట్టారు, బీపీ, షుగర్, పొగ, తలకు దెబ్బ, చదువు లేకపోవడం అన్నీ ఉన్నాయి. అసలు ఆ వాట్సాప్ లిస్టులో హెల్మెట్ మాట లేదు చూడండి. 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ నుంచి మా సూర్యాపేట దాకా వారానికి ఒకటన్నా చూస్తాం, హెల్మెట్ హ్యాండిల్‌కు వేలాడుతుంటుంది, తల డివైడర్‌కు తగిలి ఉంటుంది.

ఇంకోటి, బస్టాండ్ల దగ్గర పిల్లలు సైకిల్ పంక్చర్ల సొల్యూషన్ గుడ్డలో పోసుకుని పీలుస్తుంటారు. దాని గురించి ఏ పెద్దమనిషీ లిస్టు పంపడు.

ఎంబీబీఎస్_పాలమూరు:

సార్, సొల్యూషన్ మాట ఎత్తినందుకు థాంక్స్. అందులో ఉండే టొలుయిన్ కొవ్వులో కరిగేది, నరాల తీగల చుట్టూ ఉండే తొడుగు కూడా కొవ్వే. ఏళ్ల తరబడి పీలిస్తే ఆ తొడుగులతో నిండిన మెదడులోని తెల్లటి భాగం పాడవుతుంది, నడక తూలుతుంది, చదువు ఎక్కదు. ఈ చర్చలో నిజంగా కణాలు, తీగలు పాడుచేసేవాటిలో ముందు వరుసలో పెట్టాల్సింది అది. వడదెబ్బ కూడా, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మతి తప్పితే, ఆ వేడికి చిన్నమెదడు కణాలు పోతాయి, బతికినవాళ్లలో కొందరు తర్వాత తూలుతూ నడుస్తారు. నిద్ర సంగతి మాత్రం, తక్కువ నిద్ర వల్ల ధ్యాస, జ్ఞాపకం పాడవుతాయన్నది ఖాయం, మనుషుల్లో కణాలు చస్తాయని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు.

పాలమూరు_బిడ్డ:

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి దారిలోనే ఒక ఫిట్ వచ్చింది, చిన్నాన్న సిస్టర్ చెప్పినట్టే పక్కకు తిప్పి పట్టుకున్నాడు. గ్లూకోజ్ సంగతి తమ్ముడు చెప్తే డాక్టర్ వెంటనే థయమిన్ పెట్టించాడు, తర్వాత నిద్రమందు ఇంజెక్షన్. పెద్ద డాక్టర్ గారు అడిగిన పడడం సంగతి నిజమే, నెల కింద పశువుల కొట్టం దగ్గర జారి పడ్డాడు, అమ్మ మాకు చెప్పలేదు. సీటీ తీశారు, రక్తం ఏమీ లేదు, మెదడు కొంచెం కుంచించుకుపోయింది అన్నారు. ఈ రోజు పొద్దున నన్ను చూసి ఎప్పుడు వచ్చినవ్‌రా అన్నాడు. పది నిమిషాలకు మళ్లీ అదే అడిగాడు. కానీ దుప్పటి గిల్లడం ఆగింది.

ఒక డౌట్. మా చిన్నాన్న ఏమంటున్నాడంటే, ఆగినందుకే ఇదంతా వచ్చింది కదా, పక్క ఊరి నుంచి ఒక సీసా తెచ్చి రోజూ గ్లాసు పోస్తే నిదానంగా మాన్పించవచ్చు కదా అని. అది తప్పా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:

చిన్నాన్న ఆలోచన దారి సరైనదే, సీసా తప్పు. దవాఖానలో చేసేది కూడా అదే, తెలిసిన మందు, తెలిసిన మోతాదులో మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గించుకుంటూ పోతారు. సీసాలో ఇవాళ ఎంత కలిపారో రేపు ఎంత కలుపుతారో అమ్మేవాడికి కూడా తెలియదు. పైగా ఇప్పుడు లోపల మందు పడుతోంది, దాని మీద సీసా పడితే ఊపిరి ఆగిపోవచ్చు. డిశ్చార్జ్ చీటీలో థయమిన్ మాత్ర, తగ్గించే మందు ఏ రోజు ఎంత అన్నది రాయించుకో, మాత్రలు అమ్మ దగ్గర కాదు తమ్ముడి దగ్గర పెట్టు, బాపు అడిగితే అమ్మ కాదనలేదు. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం గురించి ఇప్పుడే కంగారు పడకు, రెండు మూడు వారాల తర్వాత కూడా అలాగే ఉంటే సైకియాట్రీ ఓపీలో చూపించు.

తమ్మీ, నేనొకటి అడుగుతా. ఆ దుకాణంలో తాగేది మీ బాపు ఒక్కడే కాదు కదా. దుకాణం మూసిన రోజు నుంచే మిగతావాళ్లకు కూడా ఆగింది. డయాజెపామ్ ఒంట్లో నుంచి నిదానంగా దిగుతుంది, కొందరికి వారం తర్వాత కూడా మొదలవుతుంది. వాళ్లు ఎట్లున్నారు?

పాలమూరు_బిడ్డ:

అక్కా, నువ్వు అడిగాక అమ్మకు ఫోన్ చేసిన. మా వాడకట్టులోనే ఇద్దరికి వణుకు, ఒక ముసలామె రాత్రంతా చచ్చిపోయిన మొగుడితో మాట్లాడుతోందంట, దయ్యం పట్టిందని యాప మండలు తెచ్చారు. నేను వార్డు మెంబర్‌కు చెప్పిన, ఆశ అక్క ఇంటింటికీ తిరిగి రోజూ తాగేవాళ్ల పేర్లు రాస్తోంది, ముసలామెను ఇప్పుడే ఆటోలో పీహెచ్‌సీకి ఎక్కించారు. థయమిన్ స్పెల్లింగ్ తమ్ముడు చీటీ మీద రాసి ఫోటో పంపాడు, అదే వాళ్లకు కూడా పంపుతున్నా.